చామనఛాయ చేతి మీద పాలపిట్ట: నీటిరంగుల టాటూను రూపొందించుకోవడం

కాగితం మీద వేసిన నీటిరంగుల చిత్రంలో వెలుగంతా కాగితపు తెలుపు నుంచే వస్తుంది. మన చర్మానికి ఆ తెలుపు లేదు. పైగా సూది రంగును పైపొర కిందికి, సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దింపుతుంది కనుక, చామనఛాయనిచ్చే మెలనిన్ ఎప్పుడూ ఆ రంగుకు పైనే ఉంటుంది. తెల్లని చేతుల ఫొటోలలో ముచ్చటగొలిపే లేత పసుపు, లేత గులాబీ మన చేతి మీద పుండు మానగానే వెలిసినట్లు కనిపించడానికి ప్రధాన కారణం ఇదే.

అందువల్ల జంతువునైనా పక్షినైనా అర్థంతో పాటు దాని సహజ వర్ణాన్ని కూడా చూసి ఎంచుకోవాలి. హైదరాబాదు వారికి నేను ముందుగా సూచించేది తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూస్తే తలపెట్టిన పని జయప్రదమవుతుందని మనవారి నమ్మకం. శివార్లలో కరెంటు తీగ మీద వాలి ఉన్నప్పుడు మట్టిరంగు రొమ్ముతో సాదాగా కనిపించే ఈ పిట్ట, ఎగిరిన క్షణంలో ముదురు నీలాన్నీ లేత నీలాన్నీ పట్టీలుగా విప్పి చూపుతుంది. ఎవరి కంటా పడకుండా చాలాకాలం కష్టపడి పైకి వచ్చినవారికి ఆ ఎగిరే భంగిమే తగిన గుర్తు. దాని కింద మళ్లీ ‘విజయం’ అని రాయించుకోవడం నా దృష్టిలో అనవసరం. పండుగనాడు పంజరంలో చూపించే పిట్టను మాత్రం నమూనాగా తీసుకోవద్దు. ముడిచిన రెక్కలో ఆ నీలం సగం కూడా కనిపించదు, పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని బంధించడం నేరం.

బొమ్మను మొదట పెన్సిలుతోనే గీయాలి. ముక్కు, కన్ను, రెక్క అంచు ఈకలు పిట్టను పోల్చుకోవడానికి ఆధారం కాబట్టి వాటికి నల్లగీత తప్పనిసరి; మిగిలిన ఒంటికి గీత లేకుండా రంగును పారనివ్వవచ్చు. తరువాత పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం మీద అదే బొమ్మను కలర్ పెన్సిళ్లతో నింపి చూడండి. అక్కడ తేలిపోయిన ఛాయ చేతి మీదా నిలవదు. దాన్ని ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసినప్పుడు పిట్ట ఆనవాలు దొరకకపోతే నలుపు ఇంకా చాలలేదన్నమాట. చిమ్మిన చుక్కలు తోక వెనుక, ఎగిరే దిశకు వ్యతిరేకంగా మాత్రమే ఉండాలి. నాలుగు వైపులా చల్లితే హోలీ మరకలా ఉంటుంది.

కాలం గడిచేకొద్దీ ఇంకు కొద్దిగా వ్యాపించి సన్నని ఈకలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక అరచేతికంటే చిన్నగా వేయించవద్దు. ఎండ రంగును త్వరగా వెలిసేలా చేస్తుంది, కాబట్టి చొక్కా చేతుల కింద దాగే భుజం మేలు. ముంజేతి మీదే కావాలంటే, చేతిని తిప్పితే బొమ్మ కూడా మెలిపడుతుంది కాబట్టి, స్టెన్సిల్ (బొమ్మ గీతలను చర్మం మీదికి దించే అచ్చు కాగితం) అంటించాక చేయి వేలాడదీసి అద్దం ముందు నిలబడి చూసుకోవాలి.

సూదిని మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్టు నుంచి తీయమనండి. ఎలర్జీ ఎక్కువగా ఎరుపు ఇంకుతోనే వస్తుంది. అదృష్టవశాత్తు పాలపిట్టకు ఎరుపు అవసరం లేదు. రక్తదానం అలవాటున్నవారు తేదీని ముందే ఆలోచించుకోవాలి, టాటూ వేయించుకున్నాక 12 నెలల వరకు రక్తం తీసుకోరు.