కెర్బల్‌లో ఇంధన ట్యాంకుల లెక్క కుదుర్చుకోవడం ఎలా

రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ గేమ్ కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో నేను ఎఫ్‌ఎల్-టి100 ట్యాంకునే కొలతగా పెట్టుకుంటాను: 45 లిక్విడ్ ఫ్యుయెల్, 55 ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి తోడ్పడేది). టి200, టి400, టి800 వరుసగా దానికి రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు. నాలుగూ 1.25 మీటర్ల వ్యాసమే, పొడవే మారుతుంది. 2.5 మీటర్లకు వెళ్లినప్పుడు ఎక్స్200-8 పొట్టిగా ఉందని చిన్నచూపు చూడకండి. అందులో సరిగ్గా టి800కి పట్టినంత ఇంధనం పడుతుంది. అదే వ్యాసంలో పెద్ద ట్యాంకు జంబో-64 అంటే ఎనిమిది టి800లు!

రాకెట్‌కి రెండు పక్కలా తగిలించే బూస్టర్లను మాత్రం విడివిడిగా కట్టొద్దు. ఒకసారి తొందరలో ఎడమవైపు టి800, కుడివైపు టి400 తగిలించాను. కుడిది ముందే ఖాళీ అయింది, ఇంజిన్ ఆగింది, రాకెట్ మెల్లగా కుడికి ఒరిగి తిరగబడిపోయింది. ఎంత బాధేసిందో! కీబోర్డులో ఎక్స్ నొక్కి సిమెట్రీని 2కి మార్చి, ఒక వైపు ట్యాంకు పెట్టండి. రెండోది అదే సైజులో దానంతటదే ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.