సాఫ్ట్‌బాల్ శిక్షణ, 5వ పాఠం: మన పిచ్చర్ ఎదురుగా మన బ్యాటర్

నాలుగో పాఠం దాకా బంతి కదలకుండా ఉంది, కదిలినా మెల్లగానే వచ్చింది. టీ మీద, అంటే బంతిని నిలబెట్టే కడ్డీ మీద, పెట్టి కొట్టించాం. పక్కనుంచి టాస్ వేసి కొట్టించాం. ఆ తర్వాత కోచ్ ఎదురుగా నిలబడి వేస్తే కొట్టించాం. ఇవన్నీ చేసిన పిల్లలకి ఈపాటికి బ్యాట్ తిప్పడం వచ్చేసి ఉంటుంది. అయినా జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లి వచ్చాక పీఈటీ సార్లు, మేడమ్‌లు ఒకే మాట అంటుంటారు: "ప్రాక్టీసులో బ్రహ్మాండంగా కొడుతుందండీ, అక్కడ మాత్రం బ్యాట్ కదపలేదు." ఆ పిల్లకి ధైర్యం లేక కాదు. అలాంటి బంతిని ఆమె మొదటిసారి చూసింది అక్కడే.

అందుకే ఈ పాఠం లైవ్ పిచింగ్ గురించి. అంటే మన జట్టు పిచ్చర్ (బంతి వేసే పిల్ల) మ్యాచ్‌లో వేసినట్టే పూర్తి విండ్‌మిల్ తిప్పి, అంటే చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు తిప్పి కింది నుంచి వేస్తుంది, మన బ్యాటర్ ఎదురుగా నిలబడి ఆడుతుంది.

ముందు తేడా ఎక్కడుందో లెక్క చూద్దాం. ఆడవాళ్ల ఫాస్ట్‌పిచ్‌లో (బంతిని వేగంగా వేసే సాఫ్ట్‌బాల్‌లో) పిచ్చర్ కాలు ఆనించే పిచ్చర్ ప్లేట్ నుంచి బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్‌కి 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. పిచ్చర్ వేసేటప్పుడు ముందుకి పెద్ద అడుగు వేస్తుంది కాబట్టి బంతి చెయ్యి వదిలే సమయానికి ఆ దూరం 11 మీటర్ల చిల్లరే. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకనులో దాటేస్తుంది. కోచ్ 40 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా వేస్తే సెకను పడుతుంది. ఆ సెకనులో పిల్ల బంతి చూసి, ఆలోచించుకుని, కొడుతుంది. అర సెకనులో ఈ మూడూ దాదాపు ఒకేసారి జరగాలి.

వేగం ఒక్కటే కాదు, బంతి ఎక్కణ్ణుంచి వస్తోందన్నది ఇంకా ముఖ్యం. మనలో చాలామంది కోచ్‌లు చెయ్యి పైకెత్తి, భుజం మీదుగా విసురుతారు. పిల్ల కళ్లు కోచ్ తల పక్కన వెతకడానికి అలవాటు పడతాయి. విండ్‌మిల్‌లో బంతి తుంటి పక్కనుంచి వస్తుంది. చెయ్యి అంతెత్తున తిరుగుతుంటే పిల్ల ఆ చేతినే చూస్తూ ఉండిపోతుంది, ఈలోగా బంతి కింద తుంటి దగ్గర బయల్దేరిపోతుంది. "పిచ్చర్ తుంటి పక్కన ఒక కిటికీ ఉందనుకో, బంతి అందులోంచే వస్తుంది, అక్కడే చూడు" అని నేను పిల్లలకి చెబుతాను. మీరు కోచ్‌గా వేసేటప్పుడు కూడా కింది నుంచే వేయండి. విండ్‌మిల్ రాకపోయినా ఫర్వాలేదు, చెయ్యి వెనక్కి ఊపి తుంటి దగ్గర వదిలితే చాలు.

మన గుంటూరు, విజయవాడ పిల్లలతో ఇంకో సంగతి కూడా ఉంది. ఏ పిల్లయినా ముందు క్రికెట్ చూసి, వీధిలో అన్నయ్యలతో క్రికెట్ ఆడి, ఆ తర్వాతే సాఫ్ట్‌బాల్‌కి వస్తుంది. క్రికెట్‌లో మంచి బంతిని వదిలేయడం తెలివి. వికెట్ పడలేదు, అంతే చాలు. ఇక్కడ మంచి బంతిని వదిలేస్తే స్ట్రైక్, మూడు వదిలితే అవుట్. బంతి నేలకి తగిలి లేస్తుందని ఒక క్షణం ఆగే అలవాటు, కొట్టాక బ్యాట్ చేత్తో పట్టుకుని పరిగెత్తే అలవాటు కూడా అక్కణ్ణుంచే వస్తాయి. టీ మీద ఆడినన్నాళ్లూ ఈ అలవాట్లు దాగి ఉంటాయి. లైవ్ పిచింగ్ మొదలుపెట్టిన రోజే మూడూ ఒకేసారి బయటపడతాయి. అది మంచిదే, మ్యాచ్‌లో బయటపడడం కంటే.

ఇక గ్రౌండ్ సంగతి. వేసవి శిబిరాల్లో మనం పొద్దున ఆరింటికే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తాం. ఆ వేళ బ్యాటర్ తూర్పుకి తిరిగి ఉంటే సూర్యుడు సూటిగా కళ్లల్లో పడతాడు. పిల్లకి బంతి కనబడదు, మనమేమో భయపడుతోందనుకుంటాం. పొద్దున ప్రాక్టీసుకి బ్యాటర్ పడమటికి తిరిగేలా, సాయంత్రం ప్రాక్టీసుకి తూర్పుకి తిరిగేలా హోమ్ ప్లేట్ పెట్టండి. ఇంకొకటి, గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పిచ్చర్ కాలు ఈడ్చే చోట వారం తిరక్కుండా గుంట పడుతుంది, వాన పడితే అక్కడే బంకమట్టి అవుతుంది. ఆ గుంటలో కాలు పడితే మడమ తిరుగుతుంది. రెండు గంపల ఎర్ర గ్రావెల్ తెప్పించి అక్కడ వేసి దిమ్మిస కొట్టించండి. నేను పిచ్చర్లున్న ప్రతి బడికీ ఈ పని ముందు చెబుతాను, బ్యాట్ కొనడం కంటే ముందు.

క్యాచర్ వెనక వల తప్పనిసరి. పిల్లలు వేసే బంతుల్లో చాలావరకు క్యాచర్‌ని దాటి వెళ్లిపోతాయి. ప్రతిదానికీ ఒకరు పరిగెత్తి తెస్తూ ఉంటే సగం సమయం దానికే పోతుంది, మిగతా పిల్లలు నీడ చూసుకుని కూర్చుంటారు. రెండు సరుగుడు కర్రలు పాతి, నైలాన్ వల రెండు మడతలు వేసి కట్టండి. పక్కన నాలుగైదు బంతులున్న బకెట్ పెట్టండి.

రక్షణ విషయంలో బేరం లేదు. బ్యాటర్‌కి ముఖం కప్పే జాలీ ఉన్న హెల్మెట్ ఉండాలి. క్యాచర్‌కి మాస్క్, ఛాతీ కవచం, కాళ్లకి గార్డులు ఉండాలి. ఈ రెండు సెట్లు బడిలో లేకపోతే లైవ్ పిచింగ్ మొదలుపెట్టకండి. టెన్నిస్ బంతితో ఆడించండి, అప్పటిదాకా అదే పాఠం. పిచ్చర్ కూడా వేశాక బ్యాటర్‌కి పదకొండు మీటర్ల దూరంలో, ఇంకా ముందుకి వంగి ఉంటుంది. బంతి తిరిగి సూటిగా ఆమె ముఖం మీదికి రావచ్చు. ముఖానికి గార్డు దొరికితే పెట్టించండి, దొరికినా దొరక్కపోయినా వేసిన వెంటనే గ్లవ్ ఛాతీ ముందుకి తెచ్చి నిలబడే అలవాటు మొదటి రోజే చేయించండి.

బ్యాటర్‌కి మొదట నేర్పాల్సింది కొట్టడం కాదు, తప్పుకోవడం. ఒంటి మీదికి వచ్చే బంతికి పిల్లలు భయపడి ఛాతీ బంతి వైపు తిప్పి చేతులు అడ్డం పెడతారు. అది ప్రమాదం. కుడిచేతి బ్యాటర్ అయితే ముందు భుజాన్ని క్యాచర్ వైపు తిప్పాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి, బ్యాట్ కిందికి దించాలి. అప్పుడు తగిలినా వీపుకో పిరుదుకో తగులుతుంది. టెన్నిస్ బంతి తీసుకుని మీరే కావాలని ఒంటి మీదికి వేసి ఇది చేయించండి. తప్పుకోవడం వచ్చిన పిల్ల ప్లేట్ దగ్గర వెనక్కి జరగదు.

ఇప్పుడు అసలు మెట్లు. మొదటి మెట్టులో బ్యాటర్ నిలబడుతుంది, బ్యాట్ తిప్పదు. పిచ్చర్ వేస్తుంది, బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేలోపు బ్యాటర్ "స్ట్రైక్" అనో "బాల్" అనో గట్టిగా చెప్పాలి. చంకల నుంచి మోకాళ్ల పైభాగం దాకా, 17 అంగుళాల ప్లేట్ వెడల్పులో వచ్చిందే స్ట్రైక్, దాని బయట పోయింది బాల్. క్యాచర్ ఒప్పుకుంటుందో లేదో చెబుతుంది. ఒక్కొక్కరికి ఐదారు బంతులు చాలు. చూడడానికి చప్పగా ఉంటుంది, "మేడమ్, కొట్టనివ్వండి మేడమ్" అని గొడవ చేస్తారు, అయినా ఈ మెట్టు దాటేయకండి. కొట్టాలన్న తొందర లేనప్పుడే కన్ను బంతిని చివరిదాకా చూడడం నేర్చుకుంటుంది. పిచ్చర్‌కి కూడా ఇది అవసరం. ఎదురుగా స్నేహితురాలు నిలబడి ఉంటే ఎక్కడ తగులుతుందోనని చాలామంది పిచ్చర్లు బంతిని అవతలి పక్కకి వేసేస్తారు. ఎవరూ కొట్టని, ఎవరికీ తగలని నలభై యాభై బంతులు వేశాక ఆ భయం పోతుంది.

రెండో మెట్టు బంట్, అంటే బ్యాట్ ఊపకుండా బంతికి అడ్డం పెట్టి మెల్లగా తాకించడం. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, స్ట్రైక్ అయితే బంట్ ఆడాలి, బాల్ అయితే బ్యాట్ వెనక్కి లాగాలి.

మూడో మెట్టు ఆట. ఇక్కడే చాలా ప్రాక్టీసులు చెడిపోతాయి. బాల్స్, స్ట్రైక్‌ల లెక్క సున్నా నుంచి మొదలుపెట్టి మామూలుగా ఆడిస్తే పిల్లల పిచ్చర్ నాలుగు బాల్స్ వేస్తుంది, నియమం ప్రకారం బ్యాటర్ కొట్టకుండానే నడిచి ఫస్ట్ బేస్‌కి వెళ్తుంది, మళ్లీ అదే. ఫీల్డర్లకి పావుగంట దాకా ఒక్క బంతి రాదు. పిచ్చర్‌కి ఏడుపొస్తుంది. కోచ్‌కి విసుగొచ్చి "నువ్వు తప్పుకో తల్లీ, నేనే వేస్తా" అంటారు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల నెల రోజులు వెనక్కి పోతుంది.

దీనికి నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ప్రతి బ్యాటర్‌కీ లెక్క ఒక బాల్, ఒక స్ట్రైక్ దగ్గర మొదలవుతుంది. దాంతో ప్రతి బంతికీ విలువ వస్తుంది, ఇద్దరూ మొదటి బంతి నుంచే మేలుకుని ఉంటారు. రెండోది, నాలుగో బాల్ పడితే బ్యాటర్ నడిచి వెళ్లిపోదు. కోచ్ పక్కనుంచి ఒక్క బంతి టాస్ వేస్తారు, ఆమె దాన్ని ఆడి పరిగెత్తుతుంది. పిచ్చర్ తన స్థానంలోనే ఫీల్డర్‌గా నిలబడి ఉంటుంది. ఆమెని ఎవరూ పక్కకి పంపలేదు, ఫీల్డర్లకి బంతి వచ్చింది, ఆట ఆగలేదు.

రన్నర్లని తప్పకుండా పెట్టండి. పిచ్చర్ చెయ్యి బంతిని వదిలే దాకా రన్నర్ బేస్ వదలకూడదు, ఆ క్షణాన్ని పట్టుకోవడం కోచ్ టాస్‌తో ఎప్పటికీ రాదు. క్యాచర్ బంతి జారవిడిస్తే రెండో బేస్‌కి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం కూడా అంతే. పద్నాలుగు మంది ఉన్న జట్టులో పిచ్చర్, క్యాచర్, నలుగురు ఇన్‌ఫీల్డర్లు, ఇద్దరు అవుట్‌ఫీల్డర్లు, ఒక బ్యాటర్, ఒక రన్నర్ పోను నలుగురు మిగులుతారు. ఒకరు హెల్మెట్‌తో తర్వాతి బ్యాటర్‌గా సిద్ధంగా ఉంటుంది, ఇద్దరు దూరంగా వలలోకి టాస్ కొట్టుకుంటారు, ఒకరు నోట్‌బుక్‌లో రాస్తుంది. ఎవరూ ఖాళీగా కూర్చోరు.

ఇదంతా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు మించకూడదు. గంటన్నర ప్రాక్టీసులో మిగతాది ఎప్పటిలా టీ, టాస్, ఫీల్డింగ్. వారానికి రెండుసార్లు చాలు, మ్యాచ్ ముందు రోజు వద్దు.

పిచ్చర్ చెయ్యి గురించి ఒక పాత నమ్మకాన్ని వదిలించుకోవాలి. కింది నుంచి వేసేదే కదా, ఎంత వేసినా నొప్పి రాదంటారు. అది నిజం కాదు. విండ్‌మిల్‌లో భుజం ముందు భాగం మీద, బైసెప్స్ కండరం మీద పెద్ద భారమే పడుతుంది, అలుపొచ్చాక వేసే బంతులే ఎక్కువ దెబ్బ తీస్తాయి. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లకి వార్మప్ పోను ఒక రోజు లైవ్‌లో 30 నుంచి 40 బంతులు నేను పెట్టుకున్న హద్దు. ఇద్దరు పిచ్చర్లని తయారుచేసి ముగ్గురేసి బ్యాటర్లకి మార్చండి. భుజం ముందు నొప్పి అని పిల్ల చెబితే ఆ రోజుకి ఆపేయండి, రెండోసారి అడగకండి. చిన్న పిల్లలైతే దూరం కూడా తగ్గించండి. అమెరికాలో 12 ఏళ్లలోపు వాళ్లు 40 అడుగుల నుంచి వేస్తారు, 10 ఏళ్లలోపు వాళ్లు 35 అడుగుల నుంచి, 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న చిన్న బంతితో వేస్తారు. మన ఆరో తరగతి పిల్ల చేత 43 అడుగుల నుంచి బంతి వేయిస్తే ఆమె నేర్చుకునేది భుజంతో బలవంతంగా తోయడమే.

స్ట్రైక్ పడనప్పుడు బయటినుంచి "స్ట్రైక్ వెయ్యి, స్ట్రైక్ వెయ్యి" అని అరవడం మన గ్రౌండ్లలో మామూలు. ఆ పిల్ల వేయాలనే చూస్తోంది. చేయగలిగే పని ఒకటి చెప్పండి: "క్యాచర్ గ్లవ్ చూడు", లేదా "అడుగు సూటిగా వెయ్యి". బంతి పైకి వెళ్తుంటే ఆలస్యంగా వదులుతోంది, ముందే నేలకి తగులుతుంటే తొందరగా వదులుతోంది. అది గమనించి ఆ ఒక్కటే చెప్పండి, టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి? రన్నులు వద్దు. ప్రతి బ్యాటర్‌కీ వేసిన మొదటి బంతి స్ట్రైకా బాలా, బ్యాటర్ స్ట్రైక్‌ని వదిలేసిందా బాల్‌ని కొట్టబోయిందా, పిచ్చర్ మొత్తం ఎన్ని బంతులు వేసింది, ఇవి చాలు. గ్లవ్ లేక బయట కూర్చునే పిల్లకి ఈ పని ఇవ్వండి. లెక్క రాసిన పిల్లకి స్ట్రైక్ జోన్ అందరికంటే బాగా తెలుస్తుంది, ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను.

ఈ వారం పని: మొదటి రోజు టెన్నిస్ బంతితో తప్పుకోవడం, ఆ తర్వాత మొదటి మెట్టు మాత్రమే. రెండో రోజు మళ్లీ మొదటి మెట్టు కొంచెంసేపు, ఆపైన బంట్. మూడో మెట్టుకి వచ్చే వారం దాకా ఆగండి, పిల్లలు ఎంత అడిగినా సరే. ఆరో పాఠం చేంజప్ మీద, అంటే అదే చేతి ఊపుతో నెమ్మదిగా వేసే బంతి మీద. అది ఎవరికి మొదలుపెట్టాలో మీ నోట్‌బుక్ చూసే నిర్ణయించాలి కాబట్టి, ఒక్కో పిచ్చర్‌కీ మొదటి బంతి లెక్క విడివిడి పేజీల్లో రాయించి పెట్టండి.