కేకే లైన్‌లో పాత గూడ్స్ ఇంజన్ల కోసం కాపు కాయడం ఎలా

కేకే లైన్ అంటే కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ దాకా పోయే రైలు మార్గం. ముందే చెప్పేస్తున్నా, వ్యాగ్-6 ఇంజన్ చూద్దామని అరకు వెళ్లేట్టయితే మానేయండి, అవి లేవు. 1980ల చివర్లో స్వీడన్ ఏఎస్ఈఏ వాళ్లవి ఆరు, జపాన్ హిటాచీవి పన్నెండు, మొత్తం 18 ఇంజన్లు దిగుమతి చేసుకుని విశాఖ షెడ్డుకిచ్చారు. ఇప్పుడు ఒక్కటీ లైన్ మీద తిరగడం లేదు. ఫొటోల్లో చూసి నిట్టూర్చడమే. ఇంకా అప్పుడప్పుడూ దొరికేది వ్యాగ్-5. ఈ రాసేదంతా దాని కోసమే.

కొత్తవాళ్లకి పేరు సంగతి: డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్స్. అందరం వ్యాగ్ అనే పిలుస్తాం. వ్యాగ్-5 చిత్తరంజన్‌లో 1984 నుంచి తయారైంది, పవర్ సుమారు 3,850 హార్స్‌పవర్. ఇప్పుడు ఇనుప ఖనిజం లాగే వ్యాగ్-9 అయితే 6,000 పైనే. అందుకే ఒకప్పుడు కొండ మీద మూడేసి వ్యాగ్-5లు వరసగా కట్టి లాగించేవాళ్లు, ఆ మూడూ ఒకేసారి గుక్క తిప్పుకోకుండా ఎక్కుతుంటే లోయంతా మోగేది.

ఎక్కడ నిలబడాలో తేల్చుకునే ముందు బండి ఎటు పోతోందో తెలియాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. మొదటిసారి బొర్రా గుహలు స్టేషన్‌లో పొద్దున్నుంచీ కూర్చుని, పైకెక్కే బండ్ల మోత రికార్డు చేసుకుని, లోడు బండి ఎక్కుతుంటే ఎంత బాగుందో అని మురిసిపోతుంటే పక్కన ఒక ట్రాక్‌మ్యాన్ నవ్వాడు. "అది ఖాళీ రేకు బాబూ, లోడు పైనుంచే కదా దిగుతాది" అన్నాడు (రేకు అంటే వ్యాగన్ల వరస). నిజమే కదా! బైలదిల్లా గనుల ఖనిజం కిరండూల్ వైపు నుంచి విశాఖ పోర్టుకి వస్తుంది. శిమిలిగుడ స్టేషన్ దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తైన స్టేషన్ అనేవాళ్లు. అక్కడి నుంచి బొడ్డవర దాకా లోడు బండికి దిగుడే, ఎక్కేవి ఖాళీలు. లోడుతో ఇంజన్ నిజంగా చెమటోడ్చేది వినాలంటే ఒడిశాలో జయపురం నుంచి కోరాపుట్ ఎక్కే ఘాట్‌కి పోవాలి. దూరం ఎక్కువ, టూరిస్టులు తక్కువ. నన్నడిగితే అదే మేలు.

అలాగని బొర్రా వైపు దండగని కాదు. దిగే లోడు బండిలో వేరే మజా ఉంది. 60 మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలు, వెనక వేల టన్నుల బరువు, వేగాన్ని పట్టి ఉంచడమే డ్రైవర్ పనంతా. రియోస్టాటిక్ బ్రేక్ ఉన్న పాత ఇంజన్ అయితే మోటార్లే జనరేటర్లలా తిరిగి కరెంటు పుట్టిస్తాయి, దాన్ని రెసిస్టెన్సుల్లో వేడిగా మార్చి వదిలేస్తారు, వాటిని చల్లార్చే ఫ్యాన్ల హోరు బండి మలుపు తిరగకముందే వినిపిస్తుంది. తర్వాత బ్రేకుల కమురు వాసన. వ్యాగ్-9 అలా కాదు, ఆ కరెంటుని తిరిగి పైన వైరుకే పంపేస్తుంది. కరెంటు ఆదా, మంచిదే, కానీ మనకి వినడానికి ఏమీ మిగల్చదు.

గూడ్స్ బండ్లకి టైమ్‌టేబుల్ లేదు, ప్యాసింజర్ బండ్ల యాప్‌లో కనపడవు. కాబట్టి సిగ్నల్ చదవడం నేర్చుకోండి. ఇంకా సింగిల్ లైన్‌గా ఉన్నచోట ఎదురెదురు బండ్లు స్టేషన్‌లోనే క్రాసింగ్ అవ్వాలి, ఒక గూడ్స్ లూప్‌లో (స్టేషన్‌లోని పక్క లైన్‌లో) ఆగిందంటే ఎదుటి నుంచి ఇంకోటి వస్తోందని ఎక్కువసార్లు నమ్మొచ్చు. రెండో లైన్ పనులు పూర్తయిన చోట ఈ లెక్క చెల్లదు. ఆగిన ఇంజన్ వ్యాగ్-5 అయిందా, మీ పంట పండినట్టే. నంబరు 23 లేదా 24తో మొదలై అయిదంకెలుంటుంది. 27, 28 అయితే వ్యాగ్-7. వ్యాగ్-9 అయితే నంబరుతో పని లేదు, ఎక్కువగా ఆకుపచ్చ రంగు, మధ్యలో పసుపు పట్టీ, దూరం నుంచే తెలిసిపోతుంది. ఖనిజం బండ్ల మీద మాత్రం ఏ రంగైనా కొన్నాళ్లకి ఎర్రదుమ్ము రంగే, నంబరు చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తుంది.

ఆగి ఉన్నప్పుడు ఫోన్ జేబులో పెట్టి చెవులు పెట్టండి. ఆర్నో కన్వర్టర్ (ఇంజన్ లోపలి ఫ్యాన్లు, పంపుల లాంటి వాటికి కరెంటు ఇచ్చే తిరుగుడు యంత్రం) తీసేయని ఇంజన్ అయితే లోపల ఒక తేనెటీగల పట్టు ఉన్నట్టు ఒకే స్థాయిలో గుంయ్ మంటూనే ఉంటుంది. స్టార్టర్ (బండి బయల్దేరొచ్చని చెప్పే సిగ్నల్) పచ్చ పడ్డాక ఇంకా బాగుంటుంది. మోటార్లకి వెళ్లే వోల్టేజీని పెంచే ట్యాప్ చేంజర్ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే దగ్గర్లో ఉన్నవాళ్లకి లోపల టక్, టక్ మని వినిపిస్తుంది (మొత్తం 32 మెట్లు), ఒక్కో టక్‌కి మోటార్ల మూలుగు కొంచెం పెరుగుతుంది, కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటూ చప్పుడు వెనక్కి వెనక్కి పోతుంది. తడి పట్టాల మీద చక్రం జారితే ఒక్కసారిగా గుర్రుమని, మళ్లీ ఇసక పడి సర్దుకుంటుంది. వానాకాలంలో వెళ్తే ఇది దొరికే అవకాశం ఎక్కువ, కొండచరియలు విరిగిపడి లైనే మూతపడే అవకాశమూ ఉంది, వార్తలు చూసుకుని బయల్దేరండి.

ఫొటోల విషయం క్లుప్తంగా: మలుపు లోపలి వైపు నుంచి తీస్తే మొత్తం రేకు కనపడుతుంది. సొరంగంలోంచి వచ్చే బండికి వెనక చీకటి వల్ల మొహమంతా తెల్లగా మాడిపోతుంది, ముందే బయట రాతి మీద ఎక్స్‌పోజర్ లాక్ చేసి పెట్టుకోండి. సొరంగాల్లోకి, వంతెనల మీదికి మాత్రం అడుగు పెట్టొద్దు. ఈ లైన్‌లో సొరంగాలే 58 ఉన్నాయి, లోపల పక్కకి తప్పుకునే చోటు దొరకదు, పట్టాల మీదికి పోవడం రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. ప్లాట్‌ఫారం టికెట్ కొని బెంచీ మీద కూర్చుంటే సరిపోయేదానికి ఆ తిప్పలెందుకు?

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. నంబరు, టైము, ఎటు పోతోంది, లోడా ఖాళీనా, ఎన్ని ఇంజన్లు. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా 23తో మొదలయ్యే నంబర్లే ఉన్నాయి, బోరు కొట్టి కొన్నాళ్లు రాయడం మానేశాను కూడా. పోయినసారి రోజంతా కూర్చుంటే ఒక్కటొచ్చింది, అదీ ట్రాక్ పనుల కంకర బండి లాక్కుంటూ.