రోజూ పేపర్ చదువుతున్నా మార్కులు రావట్లేదా? కరెంట్ అఫైర్స్ సమస్యలు, పరిష్కారాలు

సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదివేవాళ్లు పదిమంది ఒకచోట చేరితే పాలిటీ రావట్లేదని ఒకరు, ఎకానమీ అర్థం కావట్లేదని ఇద్దరు ముగ్గురు అంటారు. కరెంట్ అఫైర్స్ దగ్గరికి వచ్చేసరికి పదిమందిదీ ఒకటే గోల: "చదువుతున్నాను, కానీ రావట్లేదు." నేనూ ఆ గోల పెట్టినవాణ్ణే. మూడు అటెంప్ట్‌లు రాశాక ఇప్పుడు జూనియర్ల నోట్స్ చూస్తుంటాను. తక్కువ చదివి దెబ్బతిన్నవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. వార్త చదివాక దాన్ని సిలబస్‌లో ఏ గూట్లో సర్దాలో తెలియక వదిలేసినవాళ్లే ఎక్కువ. ఆ జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా బయటపడుతుంది. మీది ఏదో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి.

"పేపర్‌కే మూడు గంటలు పోతున్నాయి"

కారణం: పేపర్‌ని మన నాన్నలు చదివినట్టు చదవడం. మొదటి పేజీలో మొదలుపెట్టి ఆటల పేజీ దాకా. యూపీఎస్సీ ప్రిలిమ్స్ సిలబస్‌లో కరెంట్ అఫైర్స్ గురించి ఉన్నది ఒక్కటే లైను: జాతీయ, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న వర్తమాన సంఘటనలు. ఆ లైనుకి హద్దు కనపడదు కాబట్టి భయంతో అంతా చదివేస్తారు.

హద్దు మెయిన్స్ సిలబస్‌లో ఉంది. జీఎస్ (జనరల్ స్టడీస్) నాలుగు పేపర్ల సిలబస్ ప్రింట్ తీసి టేబుల్ ఎదురుగా అంటించండి. హెడ్డింగ్ చూడగానే ఇది ఫలానా లైను కిందికి వస్తుందని ఐదు సెకన్లలో చెప్పగలిగితే చదవండి, లేకపోతే పేజీ తిప్పండి. ఒక ఎమ్మెల్యే కండువా మార్చుకున్నాడు, ఇంకొకాయన ఆయన్ని తిట్టాడు. ఇది మనకి వార్త కాదు. కానీ అనర్హత పిటిషన్లను స్పీకర్ నెలల తరబడి తేల్చట్లేదని కోర్టుకి వెళ్తే, తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి మూడు నెలల గడువు పెట్టింది. ఇది నూటికి నూరుపాళ్లూ మన వార్త. పార్టీ ఫిరాయింపులకి అనర్హత వేసే పదో షెడ్యూల్, దాన్ని తెచ్చిన 1985 నాటి 52వ సవరణ, మూడోవంతు సభ్యుల చీలిక మినహాయింపును తీసేసిన 2003 నాటి 91వ సవరణ, అన్నీ దీని వెనకే వస్తాయి.

మొదటి రెండు మూడు వారాలు ఐదు సెకన్లలో తేల్చడం మీవల్ల కాదు. అప్పుడు పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకోండి. పదేళ్ల పేపర్లు ఒకసారి శ్రద్ధగా చదివినవాడికి ఏది ప్రశ్న అవుతుందో ముక్కుకి వాసన తగిలినట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత గంట, గంటంపావు చాలు.

"నెల తిరిగేసరికి అంతా ఆవిరి"

ఎక్కువమంది పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

మొన్నామధ్య ఒక తమ్ముడు తన నోట్‌బుక్ చూపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, మూడు రంగుల పెన్నులు వాడాడు. 2024 ఆగస్టు 2 తేదీ వేసి ఉన్న పేజీలో మొదటి లైను: "ఎస్సీ వర్గీకరణకు సుప్రీం ఓకే, 6:1." దాని కింద ఒలింపిక్స్ పతకం. దాని కింద ఏదో సైనిక విన్యాసం. పుస్తకం మూసి, "వర్గీకరణ తీర్పు గురించి చెప్పు తమ్ముడూ" అన్నాను. "ఆరుగురు ఒప్పుకున్నారన్నా, ఒకరు ఒప్పుకోలేదు" అన్నాడు. అంతే, ఆగిపోయాడు.

తప్పు జ్ఞాపకశక్తిది కాదు. తేదీల వారీగా రాసిన నోట్స్ డైరీ అవుతుంది. ఏ ముక్కకీ పక్క ముక్కతో చుట్టరికం ఉండదు. తగిలించడానికి కొక్కెం లేని చొక్కా కిందపడక ఏమవుతుంది?

ఆ పేజీని ఇద్దరం కలిసి తిరగరాశాం. ముందు విడి కాగితం తీసుకున్నాం, నోట్‌బుక్ కాదు. పైన తేదీ బదులు "రిజర్వేషన్లు: ఎస్సీ ఉపవర్గీకరణ" అని రాశాం. తర్వాత, ఈ గొడవ ఎక్కడ మొదలైందని అడిగాను. అది మన దగ్గరే మొదలైంది! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో ఎస్సీలను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా విడదీస్తూ చట్టం చేసింది. 2004లో ఇ.వి.చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఎందుకు కొట్టేసింది? 341వ అధికరణ కింద రాష్ట్రపతి నోటిఫై చేసిన జాబితాలోని కులాలన్నీ కలిపి ఒకే వర్గం, రాష్ట్రాలు దాన్ని విడగొట్టలేవు అంది. మరి 2024 ఆగస్టు 1న ఏం మారింది? పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఎస్సీలంతా ఒకే తీరుగా లేరు, వారిలో బాగా వెనకబడినవారికి విడిగా కోటా ఇవ్వడమంటే ఎవరినీ జాబితాలోంచి తీసేయడం కాదు అంటూ చిన్నయ్య తీర్పును పక్కన పెట్టింది. జస్టిస్ బేలా త్రివేది విభేదించారు. ఆ తర్వాత? తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి మూడు గ్రూపులతో చట్టం అమల్లోకి తెచ్చింది, 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది.

రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒకటే కాగితం. ఇప్పుడది 14, 15, 16, 341 అధికరణలకి అతుక్కుని ఉంది, ఫెడరలిజానికీ సామాజిక న్యాయానికీ పనికొస్తుంది, గ్రూప్స్‌లో రాష్ట్రం ప్రశ్నకీ పనికొస్తుంది. రేపు ఇదే విషయం మీద కొత్త తీర్పు వస్తే అదే కాగితం అడుగున ఒక లైను చేరుతుంది. విడి కాగితం అన్నది అందుకే.

ఇక్కడితో పని అయిపోలేదు. వారం తర్వాత ఆ కాగితం చూడకుండా, ఖాళీ పేజీ మీద అదే వరుస రాయాలి. ఎక్కడ ఆగిపోయారో అంతవరకే మళ్లీ చూసుకోవాలి. హైలైటర్‌తో నాలుగుసార్లు గీసినా రాని పట్టు దీనితో వస్తుంది. బద్ధకం అనిపించే పని ఇదే, నేనూ మొదటి రెండు అటెంప్ట్‌లలో ఎగ్గొట్టింది ఇదే.

"మూడు నెలల బ్యాక్‌లాగ్ పేరుకుపోయింది"

పాత పేపర్లు మొదటి నుంచి చదువుకుంటూ రావాలనుకోకండి. అలా మొదలుపెట్టినవాళ్లు మూడు నెలలది పూర్తిచేసేలోపు కొత్తగా మరో రెండు నెలలది మిగుల్చుకుంటారు. ఈరోజు నుంచి రోజుది రోజు చదవండి. వెనకబడిన నెలలకి ఏదో ఒక మంత్లీ మ్యాగజైన్, ఆదివారానికి ఒకటి. అందులోనూ పైన చెప్పిన జల్లెడ పట్టాల్సిందే. కొంత పోతుంది, పోనివ్వండి. ఆ నెలల్లో నిజంగా పెద్దవైన విషయాలు మళ్లీ వార్తల్లోకి వస్తూనే ఉంటాయి.

"తెలిసిన టాపికే, అయినా తప్పు పెట్టాను"

పరీక్ష హాల్లోంచి బయటికి వస్తూ ఈ మాట అనుకోనివాళ్లు ఉండరు. కారణం: మనం వార్తలో కదిలే భాగాన్ని బట్టీపట్టాం, ప్రశ్న కదలని భాగం నుంచి వచ్చింది.

బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ రేటు, అంటే రెపో రేటునే తీసుకోండి. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ దాన్ని 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించింది. చాలామంది ఆ 6.25ని ఎర్రపెన్నుతో రాసుకున్నారు. ఏప్రిల్‌కి అది 6 అయింది, జూన్‌కి 5.50 అయింది. ఇప్పుడు ఈ మూడు వాక్యాలు చూడండి, ప్రాక్టీస్ కోసం నేను రాసుకున్నవి. ఒకటి, ఆ రేటుని నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు సభ్యులు ఉంటారు. రెండు, ద్రవ్యోల్బణ లక్ష్యాన్ని రిజర్వ్ బ్యాంక్ సొంతంగా నిర్ణయిస్తుంది. మూడు, ఓట్లు సమానంగా చీలితే గవర్నర్‌కి నిర్ణాయక ఓటు ఉంటుంది. వీటిలో ఎన్ని సరైనవి?

రెండు సరైనవి. లక్ష్యాన్ని ఐదేళ్లకోసారి రిజర్వ్ బ్యాంక్‌తో సంప్రదించి నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం, కాబట్టి రెండోది తప్పు. రేటు తెలిసి కూడా ఇక్కడ దెబ్బతినొచ్చు. 2023 ప్రిలిమ్స్ నుంచి "పైవాటిలో ఎన్ని సరైనవి" అనే తరహా బాగా పెరిగింది. ఇందులో రెండు వాక్యాలు తెలిసి ఆప్షన్లు కొట్టేసే పాత టెక్నిక్ పనిచేయదు, ప్రతి వాక్యం తెలియాల్సిందే.

అందుకే ఏ వార్త చదివినా అందులో కనిపించే సంస్థకి ఐదు ప్రశ్నలు వేయండి: ఏ చట్టం కింద పుట్టింది, సభ్యులు ఎవరు, ఎవరు నియమిస్తారు, దాని సలహా తప్పనిసరా కాదా, ఎవరికి జవాబుదారీ. రాంసార్ సైట్ల (అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేలల) వార్త వచ్చిందనుకోండి. దేశంలో మొత్తం ఎన్ని అన్న అంకె ఏడాదిలో రెండుమూడుసార్లు మారుతుంది. ఆ ఒప్పందం 1971లో ఇరాన్‌లోని రాంసార్‌లో కుదిరిందని, మన దగ్గర మొదట 1981లో చిలికా, కేవలాదేవ్ చేరాయని, కొల్లేరు 2002లో చేరిందని, ముప్పున్న చిత్తడి నేలల మాంట్రూ రికార్డులో కేవలాదేవ్‌తో పాటు లోక్‌తక్ ఉందని తెలుసుకోవడం మీద పెట్టిన టైమ్ ఊరికే పోదు. అంకెని పరీక్ష ముందు వారం ఒకసారి చూసుకుంటే చాలు.

ఇంకో మాట. ప్రిలిమ్స్ జీఎస్ మొదటి పేపర్లో వంద ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకి మూడోవంతు కోత. మాక్ టెస్టుల్లో మీరు సగం డౌటుతో పెట్టిన వాటిని మాత్రం విడిగా గుర్తుపెట్టి, వాటిలో ఎన్ని తప్పయ్యాయో లెక్కేయండి. టెన్షన్‌లో వేసే గుడ్డిబాణం ఎంత ఖరీదో ఆ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

"తెలుగు మీడియం, ఇంగ్లిష్ పేపర్ ఎక్కట్లేదు"

యూపీఎస్సీ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. కాబట్టి ఇంగ్లిష్ మాట తెలియకుండా కుదరదు. ఇక్కడ అసలు చిక్కు భాష రాకపోవడం కాదు, పదాలు కలగాపులగం కావడం. రిజర్వ్ బ్యాంక్ చూసే మానిటరీ పాలసీని మన పుస్తకాలు ద్రవ్య విధానం అంటాయి, ప్రభుత్వం చూసే ఫిస్కల్ పాలసీని కోశ విధానం అంటాయి. బాగానే ఉంది. కానీ బడ్జెట్ రోజు పేపర్లు ఫిస్కల్ డెఫిసిట్‌ని ద్రవ్యలోటు అని రాస్తాయి. పాపం కుర్రాడు ద్రవ్యలోటు కూడా రిజర్వ్ బ్యాంక్ వ్యవహారమే అనుకుంటాడు!

చిన్న పాకెట్ పుస్తకం పెట్టుకుని ఇంగ్లిష్ మాట, తెలుగులో దానికి వాడే రెండు మూడు పేర్లు, ఒక లైను అర్థం రాసుకోండి. నాలుగైదు వందల మాటలు పట్టుబడితే ఎడిటోరియల్ పేజీ బెదిరించదు. అప్పటిదాకా ముందు తెలుగు పేపర్లో వార్త చదివి, తర్వాత అదే వార్త ఇంగ్లిష్‌లో చదవండి.

"మెయిన్స్ ఆన్సర్‌లో కరెంట్ అఫైర్స్ అతికించినట్టు ఉంది"

కారణం సాధారణంగా ఇదీ: వార్తని ఉపోద్ఘాతంలో వాడి, లోపల పాఠ్యపుస్తకం రాయడం. "ఇటీవల గవర్నర్ల పాత్ర చర్చనీయాంశమైంది" అని మొదలుపెట్టి, ఆ తర్వాత 153 నుంచి వరసగా అధికరణలు. దిద్దేవారికి ఆ మొదటి వాక్యం కొత్తగా ఏమీ చెప్పదు. వార్త మీ వాదనకి సాక్ష్యంగా మధ్యలో రావాలి. బిల్లుల ఆమోదంలో జాప్యం ఫెడరల్ స్ఫూర్తికి దెబ్బ అని మీరు అన్న చోట, ఆ వెంటనే తమిళనాడు గవర్నర్ బిల్లులు ఆపిన కేసు రావాలి.

అయితే అదే కేసులో ఒక గుంట ఉంది. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు బిల్లుల మీద తేల్చడానికి గవర్నర్‌కి, రాష్ట్రపతికి గడువులు పెట్టింది. మేలో రాష్ట్రపతి 143వ అధికరణ కింద కోర్టు అభిప్రాయం కోరారు. నవంబర్ 20న ఐదుగురు జడ్జీల ధర్మాసనం, కోర్టులు అలా గడువులు విధించలేవని, గడువు దాటితే ఆమోదం లభించినట్టే అనుకోవడం కుదరదని చెప్పింది. ఏప్రిల్‌లో నోట్స్ రాసుకుని మళ్లీ తెరవనివాడు ఏడాది తర్వాత కూడా గడువుల గురించి ధీమాగా రాసేస్తాడు. కోర్టు, కమిషన్, బిల్లు, ఈ మూడింటికి చెందిన ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో "ఇంకా నడుస్తోంది" అని రాసి, నెలకోసారి ఆ కాగితాలు మాత్రం తిరగేయండి.

"ఏ సోర్స్ చదవాలో తేలట్లేదు"

ఫోన్లో పదిహేను టెలిగ్రామ్ గ్రూపులు, రెండు వందల పీడీఎఫ్‌లు ఉన్నవాడికి ఇది తేలదు. ఒక పేపర్, ఒక మంత్లీ, అనుమానం వస్తే అసలు చోటు: పథకాలకి పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రకటనల సైట్), బిల్లులకి పీఆర్ఎస్ (చట్టాలను విశ్లేషించే సంస్థ), ఆర్థికానికి బడ్జెట్, ఆర్థిక సర్వే. కేంద్ర ప్రభుత్వ మాసపత్రిక యోజన తెలుగులోనూ వస్తుంది. మిగతా గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి. మ్యూట్ చేస్తే చాలదు, నేను చేసి చూశాను.

"సివిల్స్‌కి బాగానే చదివాను, గ్రూప్స్‌లో బిట్లు పోయాయి"

ఇది తిరగబడ్డ జబ్బు. విశ్లేషణ మీద పడి పేర్లు, అవార్డులు, నియామకాలు వదిలేయడం. ఏపీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150 మార్కుల్లో 30 కరెంట్ అఫైర్స్‌వే, అక్కడ సూటిగా అడిగే బిట్లకి కొదవ ఉండదు. నోటిఫికేషన్ పడ్డాక రోజుకి అరగంట బిట్లు, వారానికి ఒక పూట మీ రాష్ట్ర బడ్జెట్, సామాజిక ఆర్థిక సర్వే. కృష్ణా జలాల్లాంటి విషయాలకి మాత్రం మళ్లీ పాత పద్ధతే: అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల 262వ అధికరణ, 1956 చట్టం, బచావత్, బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునళ్లు, అన్నీ ఒకే కాగితం మీద.

"పరీక్ష పది రోజుల్లో ఉంది, ఏమీ గుర్తులేదు"

కొత్త పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేయకండి. మీ విడి కాగితాల కట్ట, తప్పుగా పెట్టిన మాక్ ప్రశ్నలు, పెన్సిల్ గుర్తు ఉన్నవాటి తాజా స్థితి, మారే అంకెలు రాసుకున్న ఒక్క షీటు. ముందు రోజు రాత్రి ఆ షీటు ఒక్కటే చూసి, ఫోన్ ఇంట్లో ఎవరికైనా ఇచ్చేసి పడుకోండి.