లేటెక్ పీడీఎఫ్ ప్రింటులో అక్షరాలు గరుకుగా వస్తుంటే: నా అనుభవం

లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఒక పీడీఎఫ్ తయారుచేశాను. పాఠం ఇంగ్లీషు, కంపైల్ చేసింది పీడీఎఫ్‌లేటెక్‌తో (నేరుగా పీడీఎఫ్ ఇచ్చే లేటెక్ ప్రోగ్రాం). 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) ప్రింటర్‌లోనూ అక్షరాల అంచులు రంపపు పళ్లలా వచ్చాయి, ఫుట్‌నోట్లలో మరీను. ప్రింటర్ క్వాలిటీ పెంచడం, డ్రైవర్ మార్చడం, వేరే రీడర్‌లోంచి ప్రింటివ్వడం: ఏదీ పనిచేయలేదు.

ముందుగా టెర్మినల్‌లో, పీడీఎఫ్‌లోని ఫాంట్ల జాబితా చూపే పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్‌ని ఆ ఫైలు మీద నడిపాను. ఇది పాప్లర్ యుటిల్స్‌తో వస్తుంది. టైప్ కాలమ్‌లో టైప్ 3, పేరు దగ్గర నన్ అని కనబడింది. అంటే ఫైల్లో ఉన్నవి గీతల ఆకారాలు కావు, మామూలుగా 600 డీపీఐకి గీసిన చుక్కల బొమ్మలు. ప్రింటర్ ఎంత మంచిదైనా లేని వివరాన్ని తేలేదు.

కారణం: ప్రియాంబుల్‌లో (లేటెక్ ఫైలు మొదట్లో సెట్టింగులు రాసే భాగం) ఫాంట్‌ఎన్‌కోడింగ్ టీ1 అని ఉంది, ఆ టీ1 అక్షరాలను గీతల ఆకారాలుగా ఇచ్చే సీఎం-సూపర్ ఫాంట్ ప్యాకేజీ సిస్టంలో లేదు. అందుకే చుక్కల బొమ్మలు వచ్చాయి. టెక్ లైవ్ అనే లేటెక్ పంపిణీలో దాని ప్యాకేజీ మేనేజర్ టీఎల్‌ఎంజీఆర్‌తో (ఉబుంటులో ఆప్ట్‌తో) సీఎం-సూపర్ ఎక్కించి, మళ్లీ కంపైల్ చేసి, పీడీఎఫ్‌ఫాంట్స్ మళ్లీ చూశాను. ఈసారి టైప్ 1, ఎంబెడెడ్ దగ్గర ఎస్. ప్రింటులో అంచులు నున్నగా వచ్చాయి. మార్పు కనబడకపోతే ఫాంట్ల పట్టికను తాజా చేసే అప్‌డ్‌మ్యాప్-సిస్ (updmap-sys) కమాండ్ ఒకసారి నడపండి.

ప్రియాంబుల్‌లో ఎల్‌మోడర్న్ (lmodern) ఫాంట్ ప్యాకేజీ పిలిచినా సరిపోతుంది. కానీ పేజీలు ఖరారైన పుస్తకానికి సీఎం-సూపరే నయం. ఎల్‌మోడర్న్‌తో వరుసలు అక్కడక్కడా వేరేచోట విరగవచ్చు.

మీ సమస్య ఇదే కావాలని లేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) గ్రాఫుల్లోనూ టైప్ 3 కనబడుతుంది, అవి గీతల ఆకారాలే కాబట్టి ప్రింటు చెడదు. జీలేటెక్‌లో (XeLaTeX, మరో లేటెక్ ప్రోగ్రాం) యూనికోడ్ తెలుగు ఫాంట్లు వాడేవాళ్లకు ఈ కారణం వర్తించదు.