డిలీట్ కానని మొండికేసే ఫైళ్లు: ముందు మెసేజ్ చదవండి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ షాపు కావచ్చు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్ కావచ్చు, కంప్యూటర్ మీద పని జరిగే ప్రతిచోటా ఈ తలనొప్పి ఉంటుంది. డిస్క్ నిండిపోయిందని పాత ఫోల్డర్ తీసేయబోతే విండోస్ ఒప్పుకోదు. నాలుగుసార్లు డిలీట్ నొక్కి, విసుగొచ్చి, ఊరూపేరూ తెలియని టూల్ ఏదో డౌన్‌లోడ్ చేసి రన్ చేస్తారు. ఆ పని మాత్రం వద్దు. విండోస్ ఊరికే అడ్డం చెప్పదు. ఎందుకు చెప్పిందో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, దాన్నిబట్టే మందు.

ఎక్కువగా కనిపించేది "ఫైల్ ఇన్ యూజ్". ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని ఇంకా పట్టుకుని ఉందని అర్థం. చాలాసార్లు మెసేజ్‌లోనే ఆ ప్రోగ్రామ్ పేరు ఉంటుంది, దాన్ని మూసేస్తే చాలు. పేరు ఎక్స్‌ప్లోరర్ అని వస్తే అనుమానించాల్సింది కుడివైపు కనిపించే ప్రివ్యూని. వీడియోనో పీడీఎఫ్‌నో అక్కడ చూపించడానికి తెరిచి వదలదు. ఆల్ట్, పీ కలిపి నొక్కితే ప్రివ్యూ పోతుంది. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై తిరిగొస్తుంది, కంగారు పడొద్దు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి రిపోర్టులు ఎక్సెల్‌లోకి తీసేచోట ఇంకో తంటా ఉంది. తెర మీద ఎక్సెల్ కనిపించదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఇలాంటివి పట్టుకోవడానికి స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ పక్కనున్న సెర్చ్ పెట్టెలో ఫైల్ పేరులో కొంత టైప్ చేస్తే, ఎవరు పట్టుకున్నారో కిందికి వస్తుంది. రైట్ క్లిక్, ఎండ్ ప్రాసెస్. అంతకుముందు ఆ ప్రోగ్రామ్‌లో సేవ్ చేయని పని ఏదైనా ఉందేమో చూసుకోండి, అది పోతుంది. పేరు సిస్టమ్ అని ఉంటే ముట్టుకోవద్దు. ఇదే పని రోజూ పడేవాళ్లు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకోవచ్చు. అందులోని ఫైల్ లాక్‌స్మిత్ రైట్ క్లిక్‌లోనే దొరుకుతుంది.

ఏదీ దొరక్కపోతే రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం ఇక్కడ సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, నిద్రపోయి లేస్తుంది. రీస్టార్ట్‌లో అన్నీ మొదట్నుంచి మొదలవుతాయి. దానికీ లొంగకపోతే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా మళ్లీ రీస్టార్ట్ ఇచ్చి, జాబితాలో సేఫ్ మోడ్ కోసం 4 నొక్కండి. సేఫ్ మోడ్‌లో అదనపు ప్రోగ్రాములేవీ లేవవు కాబట్టి పట్టుకునేవాళ్లే ఉండరు.

ప్రింటర్ దగ్గర ఇరుక్కునేవి వేరే జాతి. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వరసగా ప్రింట్‌కి ఇస్తుంటే ఒక జాబ్ ఆగిపోతుంది. క్యాన్సిల్ చేస్తే "డిలీటింగ్" అని అలాగే ఉండిపోతుంది, వెనకున్నవన్నీ ఆగుతాయి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరిచి, ప్రింట్‌కి ఇచ్చినవాటిని వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్ వరకూ వెళ్లండి. ఒక్కో జాబ్‌కి సాధారణంగా రెండు ఫైళ్లుంటాయి: ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ. లోపలివన్నీ తీసేయండి, ఫోల్డర్‌ని ఉంచండి. స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి. స్పూలర్ ఆపకుండా తీయబోతే మళ్లీ "ఇన్ యూజ్" అనే వస్తుంది. క్యూలో ఉన్న మిగతా జాబులు కూడా పోతాయి, వాటిని తిరిగి ఇచ్చుకోవాలి.

పాత సిస్టమ్ హార్డ్‌డిస్క్ కొత్తదానికి తగిలించినప్పుడు "యాక్సెస్ డినైడ్" వస్తుంది. ఆ ఫోల్డర్ యజమాని పాత కంప్యూటర్‌లోని యూజర్. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి, లోపలి ఫోల్డర్లకూ వర్తించే టిక్ పెట్టండి. తర్వాత మీకు ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోండి. నడుస్తున్న విండోస్ ఫోల్డర్ మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయొద్దు. కొత్త విండోస్ వేశాక మిగిలే "విండోస్ డాట్ ఓల్డ్"కి ఇంత శ్రమ అక్కర్లేదు. డిస్క్ క్లీనప్‌లో క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ ఎంచుకుంటే అదే తీసేస్తుంది.

ఫోల్డర్‌లో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్ పెట్టి, ఒక్కోదానికి ఊరు, ఇంటిపేరు, తేదీ అన్నీ కలిపి పేరు పెడితే ఫైల్ చిరునామా, అంటే డ్రైవ్ నుంచి ఫైల్ వరకూ వచ్చే పేర్లన్నీ కలిపి, 260 అక్షరాల హద్దు దాటుతుంది, విండోస్ తికమకపడుతుంది. పైనున్న ఫోల్డర్ల పేర్లు ఒక్కో అక్షరానికి కుదించండి, డిలీట్ అవుతుంది. పేరు చివర చుక్కో ఖాళీనో ఉన్నవి, "కాన్", "నల్" లాంటి విండోస్ తనకే ఉంచుకున్న పేర్లున్నవి కూడా ఇలాగే మొరాయిస్తాయి. ఉచితంగా దొరికే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్‌లోని ఫైల్ మేనేజర్‌లో వాటిని ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో "ఆటోరన్" పేరుతో ఎంతకీ పోని ఫోల్డర్ ఉంటే వైరస్ అనే అనుకోనక్కర్లేదు. వైరస్ ఆ పేరుతో ఫైల్ పెట్టకుండా కొన్ని రక్షణ టూల్స్ కావాలనే అలాంటిది పెట్టేవి.

"కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్" అని వస్తే డిలీట్ సంగతి పక్కన పెట్టి, ముందు కావలసినవి వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. రాసే మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ లాగేసినా ఈ గతి పడుతుంది. కాపీ అయ్యాక డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్, చెక్. డిస్క్ టిక్ టిక్‌మని శబ్దం చేస్తుంటే చెక్ కూడా వద్దు, ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వండి. మెమరీ కార్డు "రైట్ ప్రొటెక్టెడ్" అంటే అడాప్టర్ పక్కనున్న చిన్న లాక్ మీట జరిగిందేమో చూడండి. మీటే లేని పెన్‌డ్రైవ్ హఠాత్తుగా ఆ మాట అంటే చాలాసార్లు లోపలి చిప్ అరిగిపోయినట్టే. అది ఇంకా చదవనిస్తున్నప్పుడే అందులోవన్నీ కాపీ చేసుకుని, కొత్తది కొనుక్కోండి.