ఊహా దేశానికి నేలను, వాతావరణాన్ని ఎలా కూర్చుకోవాలి?

కథ కోసమో, ఆట కోసమో ఒక దేశాన్ని ఊహించుకోగానే చాలామంది ముందు నదులు గీసేస్తారు. నా సలహా ఏమిటంటే, నదుల్ని చివరికి ఉంచండి. అవి కొండలను బట్టి, వానను బట్టి వస్తాయి.

ముందు మీ దేశం భూమధ్యరేఖకు ఎంత దూరమో తేల్చుకుని, కాగితం అంచున అక్షాంశాలు వేసుకోండి. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గర వేడిగాలి పైకి లేచి, చల్లబడి, వానగా కురుస్తుంది. తేమ పోయిన ఆ గాలి 30 డిగ్రీల ప్రాంతంలో కిందికి దిగుతుంది. సహారా లాంటి పెద్ద ఎడారులు ఆ చుట్టుపక్కలే ఉండటానికి ముఖ్య కారణం అదే.

తర్వాత గాలి బాణాలు గీయండి. మీ గ్రహం భూమిలాగే తిరుగుతోందనుకుంటే, 30 డిగ్రీల లోపు గాలులు ఎక్కువగా తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. 30 నుంచి 60 దాకా పడమర నుంచి తూర్పుకు.

ఇప్పుడు కొండలు. భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని పెద్ద పలకలు, ఢీకొన్న చోట లేస్తాయి కాబట్టి వాటిని అక్కడొకటి ఇక్కడొకటి చల్లకుండా పొడవైన వరుసగా గీయండి. అసలు మజా ఇక్కడే ఉంది. 45 డిగ్రీల దగ్గర ఉత్తర దక్షిణంగా ఒక వరుస పెట్టారనుకుందాం. పడమటి సముద్రం నుంచి వచ్చిన గాలి కొండ ఎక్కుతూ చల్లబడి, తేమంతా అటువైపే కురిసేస్తుంది. తూర్పువైపు దిగేసరికి దానిలో తడి పెద్దగా మిగలదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల దక్షిణ భాగంలో చిలీ వైపు తడి అడవులు, అవతల అర్జెంటీనా వైపు పటగోనియాలో ఎండు మైదానాలు ఉన్నది అందుకే. ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి తగ్గుతుంది. తీరంలో 28 ఉంటే, 2,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో 15 ఉంటుంది.

పడమటి తీరం వెంట చల్లటి సముద్ర ప్రవాహం పెడితే పక్కనే సముద్రం ఉన్నా ఎడారి వస్తుంది. అటకామా, నమీబ్ అలాంటివే.

చివరగా నదులు. వాన పడే ఎత్తుల్లో మొదలుపెట్టి పల్లానికి దించండి. దారిలో ఉపనదులు వచ్చి కలుస్తాయే గానీ, డెల్టా వచ్చేదాకా నది సాధారణంగా చీలదు. నా మొదటి పటంలో ఒకే నది రెండు సముద్రాలనూ కలిపేసింది. అంటే ఏదో ఒక సగంలో నీళ్లు ఎగువకు పారాలి! దాన్ని చెరిపి, మధ్యలో ఎత్తైన మిట్ట పెట్టి రెండు నదులు చేశాను. తర్వాత రెండు రాజ్యాల సరిహద్దు ఆ మిట్ట మీదే కుదిరింది.

పటం పూర్తయ్యాక ఏదో ఒక ఊరిని ఎంచుకుని, అక్కడ ఏ నెలలో వాన, ఏ నెలలో చలి, గాలి ఎటునుంచి అనేది నెలవారీగా రాయండి. ఎక్కడైనా పెన్ను ఆగిందంటే, మళ్లీ గాలి బాణాల దగ్గరికి వెళ్లి చూడండి.